పద్యం అదే, తూములు వేరు

చిరంజీవులైన అమ్మడుకీ, బాబుకీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. బడిలో పద్యాల పోటీ కోసం అమ్మడు చదివిన పద్యాన్ని బాబు ఆడాసిటీ అనే ధ్వని రికార్డింగు ప్రోగ్రాములో రికార్డు చేశాడనీ, వెనుక తంబుర శ్రుతి కలుపుదామని అదే ఫైలును పాటలు కూర్చే మరొక ప్రోగ్రాములో తెరిచేసరికి గొంతు తగ్గి వినబడిందనీ రాశారు. "ఫైలు పాడైపోయిందా తాతయ్యా? ఒకే ఫైలు ఒకచోట గట్టిగా, ఇంకొకచోట మెల్లగా ఎలా పలుకుతుంది?" అని అడిగారు. అంతటితో ఆగకుండా, ధ్వని స్థాయిని చూపే మీటరు మొదటి ప్రోగ్రాములో −6 దాకా, రెండవదానిలో −9 దాకా లేచిందని చూసి రాశారు చూడండి, అది నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఆ రెండు అంకెలు మీరు పంపకపోయి ఉంటే నేను ఊహలతో సరిపెట్టవలసి వచ్చేది. ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను: ఫైలు పాడవలేదు.

ఫైలులో నిజానికి శబ్దం ఉండదు, అంకెలు ఉంటాయి. మైకు ముందు గాలి ఎటు, ఎంత కదిలిందో సెకనుకు 44,100 సార్లు కొలిచి వరుసగా రాసిపెట్టుకున్న చిట్టా అది. సాధారణంగా వాడే 16 బిట్ల ఫైలులో ఆ అంకె పైకి 32,767 దాకా, కిందికి −32,768 దాకా మాత్రమే వెళ్లగలదు. ఆ నిండు స్థాయినే మీటరు సున్నా అంటుంది కాబట్టి, అంతకన్నా తక్కువైనవన్నీ సున్నాకు దిగువన, ఋణసంఖ్యలుగా కనబడతాయి. మీటరు ధ్వని స్థాయిని డెసిబెళ్లలో కొలుస్తుంది. అంకె సగమైతే అది సుమారు 6 డెసిబెళ్లు దిగుతుంది. అంటే అమ్మడు గొంతెత్తి చదివిన చోట ఆ చిట్టాలో ఉన్న అంకె 16,000 పైచిలుకు అన్నమాట. అయితే 16,000 అంటే చెవికి ఎంత బిగ్గరగా వినబడాలి? ఆ సంగతి ఫైలులో ఎక్కడా రాసి ఉండదు. వినిపించే దారిలో ఉన్నవి దాన్ని నిర్ణయిస్తాయి.

ఇది మీకు తెలియాలంటే మా ఊరి పంటకాలువ గురించి చెప్పాలి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి కట్టించిన ఆనకట్ట నుంచి బయలుదేరిన గోదావరి నీళ్లు పెద్ద కాలువలోకి, అక్కడి నుంచి చిన్న కాలువలోకి, దాని గట్టున ఉన్న తూములోంచి బోదె అనే పిల్లకాలువలోకి, బోదెలోంచి మా చేలోకి వచ్చేవి. కాలువలో నీరు ఎంత ఉన్నా, చేలోకి ఎంత వచ్చేదీ దారిలోని తలుపులన్నీ కలిసి నిర్ణయించేవి. ఒక్కటి సగం మూసి ఉంటే, మిగిలినవన్నీ బార్లా తెరిచి ఉన్నా ప్రయోజనం ఉండేది కాదు.

నాకు పదేళ్లప్పుడు ఒక ఏడు, నాట్లు వేసిన కొత్తలో మా చేలో నీరు పలచబడింది. పైవాళ్లు కాలువకు అడ్డు వేశారని నాన్నగారికి కోపం వచ్చింది. నన్ను వెంటబెట్టుకుని లస్కరు దగ్గరకు వెళ్లారు. లస్కరంటే కాలువ తలుపులు ఎత్తి దించే ఉద్యోగి. ఆయన వాదనకు దిగకుండా మమ్మల్ని గట్టు మీద నడిపించుకుంటూ తీసుకువెళ్లి, మా తూముకు ఎగువన నీళ్లలో నిలబెట్టిన రాయిని చూపించాడు. దాని మీద అడుగులూ అంగుళాలూ గీసి ఉన్నాయి. నీరు నిన్న ఎక్కడ ఉందో ఆ రోజూ అక్కడే ఉంది. "కాలువ తగ్గలేదండీ, తగ్గింది ఈ రాయికి దిగువనే" అన్నాడు. దిగువకు వెళ్లి చూస్తే మా బోదె మొదట్లోనే గుర్రపుడెక్క చిక్కుకుని ఉంది. నాన్నగారు పంచె ఎగగట్టి దిగి దాన్ని లాగి గట్టు మీద వేశారు. నీరు చప్పుడు చేస్తూ చేలోకి పరుగెత్తింది. ఆ చప్పుడు నాకు ఈనాటికీ గుర్తు. తరువాత నేను రేడియో కేంద్రంలో టేపుల దగ్గర పనిచేసినన్నాళ్లూ, ధ్వని తగ్గిందని ఎవరు పరుగెత్తుకుని వచ్చినా ముందు మీటరు చూసేవాణ్ణి. అది నాకు లస్కరు నేర్పిన పాఠమే.

ఫైలు మీ కాలువ. ప్రోగ్రాములో మీ పద్యం ఉన్న ధ్వని వరుసకు, అంటే ట్రాకుకు, ఉన్న వాల్యూము మీట మొదటి తూము, అన్ని ట్రాకులూ కలిసే చోట ఉన్న పెద్ద మీట రెండవది. ప్రోగ్రామును దాటాక విండోస్‌లో ఒక్కొక్క ప్రోగ్రాముకూ వేర్వేరుగా వాల్యూము పెట్టే మిక్సరు ఉంది. ఒకదానికి ఎప్పుడో తగ్గించి మరచిపోతే అది అలాగే ఉండిపోతుంది. ఎవరైనా కంప్యూటరులో మాట్లాడటానికి పిలిచినప్పుడు మిగతా ధ్వనులన్నిటినీ 80 శాతం తగ్గించే ఏర్పాటు కూడా విండోస్‌లోనే ఉంది. దానిని కూడా దాటితే చివరికి స్పీకరు మీట. మీటరు ఈ దారిలో నీటి రాయి వంటిది. రెండు ప్రోగ్రాములలోనూ మీటరు ఒకే అంకె చూపుతూ చెవికి మాత్రం తేడా వస్తే, కారణం మీటరుకు దిగువన, అంటే విండోస్‌లోనో స్పీకరులోనో వెతకాలి. మీటరులోనే తేడా వచ్చిందంటే కారణం ప్రోగ్రాము లోపలే ఉంది. మీకు వచ్చింది ఈ రెండవ రకం తేడా. అదీ సరిగ్గా 3 డెసిబెళ్లు. ఆ మూడును చూడగానే నాకు పాత స్నేహితుడు కనబడినట్లయింది.

అమ్మడు ఒకే మైకు ముందు చదివింది కనుక రికార్డయినది ఒకే ధార, దానినే మోనో అంటారు. స్పీకర్లు మాత్రం రెండు, ఎడమా కుడీ. ఒక కాలువ రెండు బోదెలుగా చీలినట్లు ఆ ఒక్క ధార రెండు వైపులకూ వెళ్లాలి. ఇక్కడ నా కాలువ నాకు పూర్తిగా సహకరించదు. నీటిని రెండు చేలకు పంచితే ఎవరి వాటా అయినా తగ్గక తప్పదు. అంకెలను పంచినప్పుడు మాత్రం అదే అంకెను తరగకుండా ఇద్దరికీ నిండుగా ఇవ్వవచ్చు. గోదావరికి రాని విద్య అది. అయినా కాలువ గట్టు దిగకుండానే మిగతాదీ చెబుతాను.

కొన్ని ప్రోగ్రాములు అలా రెండు బోదెలకూ నిండుగా ఇచ్చేస్తాయి. మరికొన్ని ఒక్కొక్క వైపుకూ 3 డెసిబెళ్లు తగ్గించి, అంటే అంకెను సుమారు 0.7తో గుణించి ఇస్తాయి. దీనికి మంచి కారణమే ఉంది. గొంతును ఎడమ నుంచి కుడికి మెల్లగా నడిపిస్తున్నామనుకోండి. ఎడమ చివర ఒక్క స్పీకరే పలుకుతుంది. నడుమకు వచ్చేసరికి రెండూ పలుకుతాయి. రెండూ నిండుగా పలికితే గదిలో ధ్వని శక్తి రెట్టింపై, నడిచే మనిషి మధ్యలో ఒక్కసారిగా గొంతు పెంచినట్లు వినబడుతుంది. అలా జరగకుండా నడుమ ఉన్నప్పుడు చెరొక వైపూ శక్తిని సగానికి తగ్గిస్తారు. శక్తి సగమైతే తగ్గేది సుమారు 3 డెసిబెళ్లే. ఈ నియమాన్ని పాన్ లా అంటారు. చాలా ప్రోగ్రాముల సెట్టింగులలో దానిని మార్చుకునే వీలుంటుంది. కొన్నిటిలో మూడుకు బదులు నాలుగున్నర, ఆరు కూడా కనబడతాయి. మీ రెండవ ప్రోగ్రాము ఈ నియమాన్ని పాటించింది, మొదటిది పాటించలేదు. తప్పు రెండింటిలోనూ లేదు.

పాటలు వినిపించే యాప్‌లు మరొక రకం. అవి పాట మొత్తం సగటున చెవికి ఎంత బిగ్గరగా ఉందో ముందే లెక్కగట్టి, అన్ని పాటలనూ ఒక మట్టానికి తెస్తాయి. స్పాటిఫై మామూలుగా పెట్టుకున్న మట్టం −14. ఐరోపా ప్రసార సంస్థల సమాఖ్య 2010లో టీవీ, రేడియోల కోసం నిర్ణయించింది −23. ఈ లెక్కకు ఎల్.యు.ఎఫ్.ఎస్. అనే వేరే కొలత ఉంది. అందుచేత మీ పద్యాన్ని రేపు ఎక్కడైనా పెడితే అక్కడ మళ్లీ కొత్త తూము ఎదురవుతుంది, కంగారు పడకండి.

ఈ సందర్భంగా ఒక్క మాట. గొంతు తగ్గింది కదా అని బాబు ఫైలునే పెంచి, పాతదాని మీదే సేవ్ చేయబోయాడట. ఆ పని చేయకూడదు నాన్నా. బోదెలో గుర్రపుడెక్క అడ్డుపడితే కాలువ గట్టు తెంచుకోము కదా. ఫైలులో అంకెలను పెంచుకుంటూ పోతే 32,767 దగ్గర అలల తలలు నరికినట్లు తెగిపోతాయి. తెగినదాన్ని సేవ్ చేశాక మళ్లీ తగ్గించినా అవి తిరిగి మొలవవు. అసలు రికార్డింగును ఎప్పుడూ విడిగా భద్రపరచి, పెంచడం తగ్గించడం మీటలతోనే చేయండి. అలాగే మొదటి ప్రోగ్రాము "బాగుంది" అని అమ్మడు రాసింది. బిగ్గరగా ఉన్నది మన చెవికి తరచూ బాగున్నట్లే అనిపిస్తుంది. ధ్వని స్థాయి తగ్గేకొద్దీ మన చెవి అడుగు స్వరాలను మిగతావాటికన్నా ఎక్కువగా పోగొట్టుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి దేన్నయినా పోల్చేముందు రెండింటి మీటర్లనూ సమానం చేసి వినండి.

నా మాట నమ్మడం కన్నా మీరే చూడటం మేలు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక ఫ్యాను ఆపి కూర్చోండి. ఆడాసిటీలో పద్యం ఫైలును రెండుసార్లు తెరిచి, ఒకదాని కింద ఒకటి పెట్టండి. కింది ట్రాకును ఎంచుకుని, ఎఫెక్టులలో ఇన్‌వర్ట్ అనేదాన్ని నొక్కండి. అది ప్రతి అంకె గుర్తునూ తిరగవేస్తుంది, మిట్ట పల్లమవుతుంది, పల్లం మిట్టవుతుంది. ఇప్పుడు రెండింటినీ కలిపి వినిపించండి. తెర మీద రెండు వరుసలలోనూ అలలు ఎగసిపడుతూనే ఉంటాయి, మీకు మాత్రం ఏమీ వినబడదు. తరువాత కింది ట్రాకు మీటను 3 డెసిబెళ్లు తగ్గించండి. అమ్మడు గొంతు దూరం నుంచి వస్తున్నట్లు మళ్లీ వినబడుతుంది. ఇక చివరగా, రెండవ ప్రోగ్రాము నుంచి తంబుర కలపకుండా బయటికి తీసిన ఫైలును ఆ కింది ట్రాకు స్థానంలో పెట్టి, దాన్నీ తిరగవేసి, మీటను 3 పైకి జరిపి, ఊపిరి బిగపట్టి వినండి. ఏం వినబడిందో, లేక వినబడలేదో, అమ్మడు తన దస్తూరీతో నాకు రాయాలి.

మీ తాతయ్య