300 బస్సుల గాలి, ఒక బస్సు చోటు

"కంప్రెసర్‌లోకి గాలి తప్ప ఇంకేమీ పంపలేదు. మరి ఎయిర్‌గన్ సిలిండర్‌లోకి తుప్పు ఎక్కడి నుంచి వచ్చింది?" అని ఒక పాఠకుడు అడిగారు. ఎయిర్‌గన్ అంటే సిలిండర్‌లో నొక్కి నింపిన గాలితో గుండు పేల్చే తుపాకీ. ఆయన పంపిన గాలిలోనే నీళ్లున్నాయి. ఎన్ని నీళ్లో లెక్క వేసిన ప్రతిసారీ నాకు కొత్తగానే ఆశ్చర్యం వేస్తుంది.

గాలి స్పాంజిలాంటిదని, పిండితే నీళ్లు కారతాయని పాఠాల్లో చెప్పడం మామూలే. నాకా పోలిక అస్సలు నచ్చదు. దాన్ని నమ్మితే నొక్కిన చోటే నీళ్లన్నీ కారిపోతాయనిపిస్తుంది. నిజానికి ఆవిరిని గాలి పట్టుకుని ఉండదు. వాయువులు ఎన్ని కలిసి ఉన్నా దేని ఒత్తిడి దానిదేనని జాన్ డాల్టన్ 1801లోనే తేల్చాడు. ఒక చోట ఎంత ఆవిరి పడుతుందన్నది ఆ చోటు ఎంత పెద్దది, ఎంత వేడిగా ఉంది అన్నదాన్ని బట్టే ఉంటుంది. పక్కన నైట్రోజన్, ఆక్సిజన్ ఎంత కిక్కిరిసినా దానికి పెద్దగా పట్టదు.

బస్సులో సీట్లు అనుకోండి. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు చోటులో దాదాపు 30 మిల్లీగ్రాముల ఆవిరి పడుతుంది. మిల్లీగ్రాముకొక సీటు లెక్కన 30 సీట్లు. తేమ 80 శాతం ఉన్నప్పుడు వాటిలో 24 నిండి ఉంటాయి. లీటరు సిలిండర్‌ను 300 బార్‌కు (అంటే బయటి గాలి ఒత్తిడికి దాదాపు 300 రెట్లు) నింపాలంటే సుమారు 300 లీటర్ల బయటి గాలి కావాలి. అంటే 300 బస్సులు, బస్సుకు 24 మంది, మొత్తం 7,200 మంది. వీళ్లందరినీ ఒకే బస్సులోకి ఎక్కిస్తున్నాం. అందులో సీట్లేమో 30. మిగతా 7,170 మంది దిగిపోవాల్సిందే. దిగడమంటే నీళ్లుగా మారడం. ఏడు గ్రాములకు పైనే, దాదాపు ఒకటిన్నర టీస్పూన్ నీళ్లు!

ఆ నీళ్లు ఎక్కడ దిగుతాయన్నదే అసలు సంగతి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 100 డిగ్రీల దగ్గర లీటరు చోటులో 30 కాదు, దాదాపు 600 సీట్లుంటాయి. వాటర్ సెపరేటర్ నీటి బొట్లను పట్టగలదు గానీ ఆవిరిని పట్టలేదు. గాలి వేడిగా వస్తే ఆ 600 మందీ సెపరేటర్ లోంచి హాయిగా కూర్చునే దాటిపోతారు. గన్ సిలిండర్‌లోకి చేరి చల్లబడగానే సీట్లు 30కి పడిపోతాయి, 570 మంది అక్కడే దిగుతారు. అందుకే ముందు చల్లార్చాలి, తర్వాతే వడగట్టాలి. కంప్రెసర్‌కీ సెపరేటర్‌కీ మధ్య చుట్టలు తిప్పిన గొట్టం, దాని మీదికి ఫ్యాన్ పెట్టేది ఇందుకే.

ఇంకో చిక్కుంది. నింపడం మొదలుపెట్టినప్పుడు సిలిండర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి దాని ముందున్న ఫిల్టర్‌లో (నీటిని వడగట్టే భాగంలో) కూడా ఒత్తిడి తక్కువే. 100 బార్ దగ్గర అదే గాలి మూడు లీటర్ల చోటు తీసుకుంటుంది. సీట్లు 90 అవుతాయి, ఆవిరి మూడింతలు దాటిపోతుంది. ఫిల్టర్ తర్వాత ప్రెషర్ మెయింటెయినింగ్ వాల్వు పెడితే, ఒత్తిడి తగినంత పెరిగేదాకా అది గాలిని వదలదు. నా దృష్టిలో ఈ అమరికలో అన్నిటికన్నా తెలివైన భాగం అదే. (ఇంత ఒత్తిడిలో గాలి అణువులు నీటి అణువులను కొంత లాగుతాయి కాబట్టి, అసలు సీట్లు నా లెక్క కంటే ఎక్కువే ఉంటాయి. వరస మాత్రం మారదు.)

చివరి కాపలా మాలిక్యులర్ సీవ్, అంటే మిగిలిన ఆవిరిని పట్టే గుళికలు. 13ఎక్స్ రకం గుళికల్లో నానోమీటరు స్థాయి రంధ్రాలుంటాయి, నీటి అణువులు వాటిలోకి దూరి గోడలకు అతుక్కుంటాయి. తన బరువులో అయిదో వంతు దాకా నీటిని పట్టగలదు. అంటే 100 గ్రాముల సీవ్‌కు 20 గ్రాములు. నీళ్లన్నీ దాని మీదే పడితే లీటరు సిలిండర్లు మూడు నిండకముందే దాని పని అయిపోతుంది. వేడి గాలి నుంచి సెపరేటర్ బొట్లను మాత్రమే తీసేస్తే సుమారు 33 సిలిండర్లు. చల్లార్చి, ఒత్తిడి నిలబెట్టి, ఆ తర్వాత సీవ్‌లోకి పంపితే పుస్తకం లెక్కన 600 దాటుతుంది. అవే గుళికలు!

ఒకసారి సెపరేటర్‌లోని నీళ్లు వదిలే డ్రెయిన్ స్క్రూ కింద తెల్లగుడ్డ పట్టి చూడండి. బుస్సుమని చిమ్మేది తేటనీరు కాదు, పాలలాంటి తెల్లటి ద్రవం. కంప్రెసర్ ఆయిలూ నీళ్లూ చిలికిన మిశ్రమం అది. దాన్ని కొన్ని నిమిషాలకోసారి వదలకపోతే మళ్లీ గాలితో కలిసి ముందుకు పోతుంది. ఆయిల్ సీవ్ రంధ్రాలను పూసేస్తుంది, నీళ్లు సిలిండర్‌కు చేరతాయి. అక్కడ ఆక్సిజన్ ఒత్తిడి 63 బార్, బయట ఉన్నదానికి 300 రెట్లు. ఉక్కు మీద నీటి చుక్క నిలిస్తే తుప్పుకు ఇంకేం కావాలి! ఆ పొడి రాలి రెగ్యులేటర్‌లోకి, వాల్వు సీలు మీదికి చేరితే లీకు మొదలవుతుంది.

తడిసిన సీవ్‌ను ఎండలో పెట్టి, ఆరిందని మళ్లీ వాడేవాళ్లున్నారు. ముట్టుకుంటే పొడిగానే ఉంటుంది. కానీ 13ఎక్స్ లోపలి నీటిని వదిలించాలంటే 250 నుంచి 300 డిగ్రీల వేడి కావాలి. తేమ పట్టే మరో పదార్థం సిలికా జెల్‌కైతే 120 డిగ్రీలు చాలు. పైగా సిలికా జెల్‌లో కొన్ని రకాలు తడిస్తే రంగు మారి హెచ్చరిస్తాయి, మామూలు 13ఎక్స్ మారదు. అందుకని ఎన్ని సిలిండర్లు నింపారో రాసుకుని, ఆ లెక్క చూసి గుళికలు మార్చండి.