టీకా వరుసలో ముందెవరు, వద్దన్నదెవరు

2021 మార్చి మధ్యలో కేంద్ర ఆరోగ్య శాఖ కోవిడ్ టీకా వృథా లెక్కలను బయటపెట్టింది. 17.6 శాతంతో తెలంగాణ అన్ని రాష్ట్రాల కన్నా పైన ఉంది, 11.6 శాతంతో ఆంధ్రప్రదేశ్ దాని తరువాత నిలిచింది. దేశ సగటు 6.5 శాతం. ఈ అంకెలు అర్థం కావాలంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు చేతిలోని చిన్న సీసాను చూడాలి. కోవిషీల్డ్ సీసాలో పది మందికి సరిపడే మందు ఉంటుంది. తెరిచిన తరువాత నాలుగు గంటల్లో దాన్ని వాడేయాలి. ఆరుగురే వస్తే మిగిలిన నాలుగు డోసులను పారబోయవలసిందే. వృథాకు ఇతర కారణాలూ ఉన్నాయి గానీ, పిలిచినవారు రాకపోవటం వాటిలో ముఖ్యమైనది. మే మొదటి వారానికి కేరళ తనకు అందిన 73,38,806 డోసుల నుంచి 74,26,164 డోసులు వేసినట్టు ప్రకటించింది. సీసాలో పది డోసులకు పైన కొసరుగా నింపే మందును సైతం నర్సులు చుక్క పోకుండా సిరంజిలోకి లాగి పదకొండో మనిషికి వేశారు. ఇందులో వారి నేర్పు ఎంత ఉందో, ఆ పదకొండో మనిషి వచ్చి కూర్చోవటం కూడా అంతే ఉంది.

మహమ్మారి కాలంలో టీకా ముందు ఎవరికి వేయాలి అన్నది ఒక చర్చగా, వద్దన్నవారిని ఏం చేయాలి అన్నది మరో చర్చగా సాగాయి. నిజానికి రెండింటినీ కలిపి చూస్తే తప్ప జనం వైఖరి బోధపడదు. జబ్బు ఎంత దగ్గరికి వచ్చింది, మందు ఎంత దొరుకుతోంది, ఇచ్చేవారి మాటను ఎంతవరకు నమ్మవచ్చు అన్నవాటిని బట్టి ఒకే మనిషి రెండు నెలల తేడాతో వద్దన్నవాడూ అవుతాడు, వరుసలో తోసుకుంటూ నిలబడ్డవాడూ అవుతాడు.

వరుసను నిర్ణయించటంలో శాస్త్రం ఒకే జవాబు ఇవ్వలేదు. మరణాలను తగ్గించటమే లక్ష్యమైతే అరవై దాటినవారికి ముందు వేయాలని, వ్యాప్తిని తగ్గించటమే లక్ష్యమైతే ఎక్కువ మందితో కలిసి తిరిగే ఇరవై నుంచి యాభై ఏళ్లలోపు వారికి వేయాలని గణిత నమూనాలు చెప్పాయి. బ్రిటన్ దాదాపు పూర్తిగా వయసునే నమ్ముకుని, ఉపాధ్యాయులనూ పోలీసులనూ ముందుకు జరపాలన్న కోరికను తోసిపుచ్చింది. ఇండోనేషియా ఆరోగ్య సిబ్బంది తరువాత, వృద్ధుల కన్నా ముందు, పని చేసే వయసువారికి వేయటం మొదలుపెట్టింది. జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవటానికి భారత్‌తో సహా 13 దేశాల్లో 15 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో, ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవారితో పాటు అత్యవసర పనులు చేసేవారికీ, తక్కువ ఆదాయం ఉన్నవారికీ ముందు ఇవ్వాలన్న మొగ్గు కనిపించింది. పేదరికాన్ని ఒక ప్రమాణంగా ప్రభుత్వ జాబితాలు పెద్దగా పట్టించుకోలేదు; జనం పట్టించుకున్నారు.

మన దేశంలో టీకా వేయటం 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలైంది. తొలిరోజు మూడు లక్షల మందికి వేయాలనుకుంటే వచ్చినవారు సుమారు రెండు లక్షలు. టీకా నమోదుకు వాడిన కోవిన్ యాప్ మొరాయించటం ఒక కారణమే గానీ, అసలు తటపటాయింపు మరో చోట ఉంది. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్‌కు మూడో దశ ప్రయోగాల ఫలితాలు రాకముందే, జనవరి 3న, క్లినికల్ ట్రయల్ పద్ధతిలో వాడాలన్న షరతుతో అనుమతి లభించింది. దాన్ని వేయించుకునేవారి చేత అంగీకార పత్రం మీద సంతకం కూడా చేయించారు. ఆసుపత్రిలో పని చేసేవారికి ట్రయల్ అంటే ఏమిటో తెలుసు. వారిలో కొందరికి ఆ తొలి వరుస గౌరవంగా కాక, ముందు మన మీద వేసి చూస్తున్నారేమో అన్న అనుమానంగా తోచింది. చదువురానివారు భయపడి దూరంగా ఉన్నారన్న మాట అప్పట్లో తరచుగా వినిపించింది గానీ, మొదట వెనకాడినవారిలో తెల్లకోటు వేసుకున్నవారూ ఉన్నారు. కోవాగ్జిన్ సామర్థ్యం 77.8 శాతమని తేల్చిన పూర్తి ఫలితాలు అచ్చయ్యేసరికి నవంబరు వచ్చింది.

రెండో వేవ్ వచ్చాక కథ తలకిందులైంది. మే 1న పద్దెనిమిదేళ్లు నిండినవారందరికీ తలుపులు తెరిచారు, మందు మాత్రం లేదు. కోవిన్‌లో స్లాట్లు తెరిచిన నిమిషాల్లోనే అయిపోయేవి. వేగంగా ఫోన్ నొక్కగలిగిన నగరవాసులు స్లాట్ దొరికిన పల్లె కేంద్రానికి కారులో వెళ్లి వేయించుకుంటుంటే, ఆ ఊరివాళ్లు చూస్తూ నిలబడ్డారు. కాగితం మీది ప్రాధాన్యం ఒకటి, స్మార్ట్‌ఫోన్ ఇచ్చిన ప్రాధాన్యం మరొకటి. మే నెలాఖరున తెలంగాణ ప్రభుత్వం గ్యాస్ సిలిండర్లు అందించేవారికీ, రేషన్ డీలర్లకూ, పెట్రోలు బంకుల సిబ్బందికీ, ఆ వెంటనే ఆటో డ్రైవర్లకూ 'సూపర్ స్ప్రెడర్లు' అన్న పేరుతో ప్రత్యేకంగా టీకాలు వేయించింది. పని మంచిది, పేరే బాగాలేదు: వారికి అపాయం ఉందని కాక, వారే అపాయమని చెప్పినట్టయింది. ఆంధ్రప్రదేశ్ జూన్‌లో ఐదేళ్లలోపు పిల్లల తల్లులను ముందు వరుసలోకి తెచ్చింది. అమెరికా, బ్రిటన్ చదువులకు సిద్ధమైన తెలుగు విద్యార్థులకు మరో చిక్కు వచ్చిపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కోవాగ్జిన్‌కు నవంబరు 3 దాకా రాలేదు కాబట్టి, వారికి ఏదో ఒక టీకా దొరికితే చాలదు, కోవిషీల్డే కావాలి. ఫలానా టీకా వద్దన్న ఆ పిల్లలను టీకా వ్యతిరేకులని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా.

సరఫరా పెరిగిన తరువాత జనం చూపు వేయించుకోనివారి మీదికి మళ్లింది. కారణం లేకుండా టీకా వద్దన్నవారికి కోవిడ్ వస్తే చికిత్స ఖర్చు భరించబోమని కేరళ 2021 నవంబరు చివరలో ప్రకటించింది. సింగపూర్ డిసెంబరు 8 నుంచి అటువంటివారే బిల్లు కట్టుకోవాలంది. పొగతాగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవారికి ఈ షరతు లేదన్నది ఇక్కడ గుర్తుంచుకోదగినది. 21 దేశాల్లో జరిగిన ఒక అధ్యయనం, మీ దగ్గరి బంధువు టీకా వేయించుకున్న లేదా వేయించుకోని వ్యక్తిని పెళ్లాడితే మీకెలా ఉంటుందని అడిగింది. టీకా వేయించుకున్నవారు వేయించుకోనివారి పట్ల గట్టి విముఖత చూపారు. అటువైపు నుంచి తిరిగి అంత విముఖత కనిపించలేదు.

2022 మే 2న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, జస్టిస్ బి.ఆర్. గవాయ్‌ల ధర్మాసనం, టీకా వేయించుకోవాలని ఎవరినీ బలవంతపెట్టరాదని తీర్పు చెప్పింది. ప్రభుత్వ టీకా విధానం నిర్హేతుకం కాదని అంటూనే, దుష్ప్రభావాల సమాచారాన్ని ప్రజలు స్వయంగా నమోదు చేసే ఏర్పాటు ఉండాలనీ, ఆ వివరాలు అందరికీ అందుబాటులో ఉండాలనీ ఆదేశించింది. ఆ జులై 15 నుంచి 75 రోజుల పాటు పెద్దలందరికీ ముందుజాగ్రత్త డోసును, అంటే మూడో డోసును, ఉచితంగా వేశారు. ఏడాది కిందట స్లాట్ కోసం అర్ధరాత్రి మేలుకున్న దేశంలో, అర్హులైనవారిలో మూడో వంతు మంది కూడా దాన్ని వేయించుకోలేదు.