డీఈఐ వాళ్ళంటే ఎవరు? బెంగళూరు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో డీఈఐ (డైవర్సిటీ, ఈక్విటీ, ఇన్‌క్లూజన్, అంటే ఆఫీసులో అన్ని రకాల మనుషులకూ సమానంగా చోటు) కన్సల్టెన్సీలో పనిచేస్తున్నానంటే మనవాళ్ళు ముందు "హెచ్చారా?" అంటారు. కాదంటే "ఎన్జీవోనా?" అంటారు. రెండూ కాదు. కంపెనీల దగ్గర ఫీజు తీసుకుని, వాళ్ళ ఆఫీసులో ఎవరికి ఎక్కడ దారి మూసుకుపోయిందో వెతికి చెప్పే పని. తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది ఇంగ్లిష్ దంచే మాజీ హెచ్చార్ మేడమ్‌ల వ్యాపకం.

వాస్తవం: మేడమ్‌లూ ఉన్నారు, ఇంగ్లిషూ ఉంది, కాదనను. కానీ ఈ రంగానికి దారి వేసినవాళ్ళను చూడండి. ఇక్కడ 1999లో, వైకల్యమున్నవాళ్ళకు ఉపాధి చూపే ఎనేబుల్ ఇండియా మొదలుపెట్టిన శాంతి రాఘవన్, దీపేశ్ సుతారియా ఇంజనీర్లు. శాంతి తమ్ముడికి చూపు పోయాక ఆ కుటుంబం పడ్డ పాట్లలోంచి పుట్టింది ఆ సంస్థ. చెన్నైలో 2000లో, ఆడవాళ్ళను మళ్ళీ ఉద్యోగాల్లోకి తెచ్చే అవతార్ సంస్థ పెట్టిన సౌందర్య రాజేష్, బ్యాంకు ఉద్యోగం మధ్యలో ఆపుకుని, మళ్ళీ అడుగుపెట్టడం ఎంత కష్టమో స్వయంగా చూసినావిడ.

మా చిన్న టీమూ అలాంటిదే. ఒక లాయరు, పిల్లల కోసం ఏళ్ళు ఆగి తిరిగొచ్చిన ఒక ప్రాజెక్ట్ మేనేజరు, పిలిచినప్పుడు వచ్చే సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్, రాయలసీమ నుంచి వచ్చిన, పుట్టుకతో చూపులేని ఒక సాఫ్ట్‌వేర్ టెస్టరు. నన్నడిగితే అసలు పని ఆ టెస్టరుదే. "మా కెరీర్స్ పేజీ అందరికీ తెరిచే ఉంది" అనే కంపెనీవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుంటాడు. మౌస్ అవతల పెట్టేసి, తెరమీద ఉన్నది చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ తెరుస్తాడు. ట్యాబ్ నొక్కితే "బటన్" అంటుంది. మళ్ళీ నొక్కితే "బటన్". ఇంకోసారి, "బటన్". ఏది అప్లై, ఏది క్యాన్సిల్ అన్నది డెవలపర్ కోడులో రాయలేదు, పాపం అదేం చెబుతుంది? ఎలాగో పుట్టినతేదీ దాకా పోతే అక్కడి క్యాలెండర్ మౌస్ లేకుండా కదలదు. అదీ దాటితే బొమ్మలో అక్షరాలు చూసి కొట్టమనే క్యాప్చా. ఈపాటికి వాళ్ళ టెక్ లీడ్ ఫోను కింద పెట్టి నోట్స్ రాసుకుంటుంటాడు. నేను గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా అతను ఫోను కింద పెట్టడు.

అపోహ: ఏడాదికో సెషను, మార్చి 8న మహిళా దినోత్సవం కేకు. అంతేగా?

వాస్తవం: ఆ బేరంతో వచ్చేవాళ్ళకు కొదవ లేదు. ఫిబ్రవరి ఆఖర్లో ఫోను ఆగదు. ఆఫీసు అద్దె కట్టాలి కాబట్టి మేమూ కొన్ని ఒప్పుకుంటాం.

అపోహ: మా దగ్గర వైకల్యం ఉన్నవాళ్ళు లేరండీ.

వాస్తవం: ఉన్నారు, మీకు చెప్పలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాలు 21. తలసీమియా, మల్టిపుల్ స్క్లెరోసిస్, డిస్లెక్సియా ఇవన్నీ అందులోవే, మనిషిని చూస్తే తెలియవు. చెబితే ప్రమోషన్ ఆగుతుందేమోనన్న భయంతో చాలామంది నోరు మెదపరు. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ, బీఆర్‌ఎస్‌ఆర్ అనే సామాజిక, పర్యావరణ బాధ్యతల నివేదికను తప్పనిసరి చేసింది. వైకల్యమున్న ఉద్యోగులు ఎందరో అందులో రాయాలి. ఆ గడిలో సున్నా వేయాల్సి వచ్చినప్పుడు మేం గుర్తొస్తాం.

ఇక కట్టడాల సంగతి. ర్యాంపు అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల పొడవుండాలి. మాకు కనిపించేవాటిలో చాలావరకు సామాన్ల ట్రాలీకి తప్ప మనిషికి పనికిరావు. ఔటర్ రింగ్ రోడ్డులో గ్రానైటు తళతళలాడే బిల్డింగులో వీల్‌చైర్ టాయిలెట్ తలుపు తీయించండి: మాపులు, బకెట్లు, ఫినాయిల్ డబ్బాలు. తాళంచెవి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ జేబులో.

అపోహ: పోష్ (పనిచేసేచోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం) కమిటీకి వచ్చే బయటి సభ్యురాలు కంపెనీ మనిషే.

వాస్తవం: ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. ఫీజు ఇచ్చేది కంపెనీయే కదా. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలని, అందులో కనీసం సగం మంది ఆడవాళ్ళుండాలని, ఒకరు బయటివాళ్ళు కావాలని 2013 చట్టం అంటుంది. పైవాళ్ళ ఒత్తిడి పనిచేయకూడదనే ఆ బయటి కుర్చీ. విచారణ 90 రోజుల్లో తేల్చాలి. డబ్బిచ్చి రాజీ చేసుకోవడం కుదరదు. మా మటుకు మేం, కమిటీలో కూర్చున్న కంపెనీ దగ్గర మరో కాంట్రాక్టు తీసుకోం. రాబడి తగ్గుతుంది, తగ్గనీ.

ఇంకో సంగతి. ఈ చట్టం ఐడీ కార్డు మెడలో వేసుకున్న ఇంజనీర్లకే అనుకుంటారు. కాంట్రాక్టు పనివాళ్ళు, రోజుకూలీలు, ట్రైనీలు అందరూ దీని కిందికే వస్తారు. ఇక్కడి టెక్ పార్కుల్లో ఊడ్చి తుడిచేవాళ్ళలో అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చిన మన ఆడవాళ్ళు చాలామంది. పోస్టరేమో లిఫ్టు పక్కన ఇంగ్లిష్‌లో. అందుకని షిఫ్టు మారే వేళ బేస్‌మెంట్‌లో, స్లైడ్లు లేకుండా, తెలుగులో, కన్నడలో చెబుతాం. మొదటి ప్రశ్న దాదాపు ప్రతిచోటా ఒకటే: "సార్ మీద చెబితే రేపట్నుంచి రావద్దంటాడు కాంట్రాక్టరు, అప్పుడెట్లక్కా?" విచారణ సాగుతుండగా ఆమె రాతపూర్వకంగా అడిగితే ఇద్దరిలో ఒకరిని వేరేచోటికి మార్చమని, ఆమెకు మూడు నెలల దాకా సెలవివ్వమని కమిటీ సిఫారసు చేయొచ్చు. కానీ ఆ అక్కకు అది చాలదు. ఫిర్యాదు చేసిన మనిషిని తీసేయకూడదన్న షరతు కంపెనీకీ కాంట్రాక్టరుకూ మధ్యనున్న ఒప్పందంలోకే ఎక్కాలి. దాన్ని రాయించడానికి మా లాయరు పడే కుస్తీ అంతా ఇంతా కాదు.

అపోహ: అమెరికాలో ట్రంప్ ఆపేశాడుగా, ఇక మీ దుకాణం మూతే.

వాస్తవం: 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ప్రభుత్వ డీఈఐ కార్యక్రమాలను ఆపుతూ ఉత్తర్వులు వచ్చాయి. ఇక్కడి జీసీసీల్లో (విదేశీ కంపెనీలు మన దగ్గర పెట్టుకున్న సొంత ఆఫీసుల్లో) కొందరు బోర్డు మార్చి "కల్చర్" అని పెట్టుకున్నారు, బడ్జెట్లు కొంత కోసుకున్నారు. 26 వారాల ప్రసూతి సెలవు, 50 మంది ఉన్నచోట క్రెష్ (పసిపిల్లలను చూసుకునే గది), పోష్, వైకల్య చట్టం, ఇవన్నీ మన పార్లమెంటు చేసినవి. వాటిని రద్దు చేయడం వాషింగ్టన్ వల్ల కాదు.

నిజానికి అమెరికా నుంచి దిగుమతి కానిది ఒకటుంది, కులం. 2023లో అమెరికాలోని సియాటెల్ నగరం కుల వివక్షను నిషేధించింది. బెంగళూరులో మాత్రం ఆ మాట ఎత్తగానే "మా దగ్గర అలాంటివి లేవండీ" అని పేజీ తిప్పేస్తారు. ఇంటర్వ్యూ ప్యానెల్లో ఇద్దరు తెలుగువాళ్ళుండి, ఎదురుగా తెలుగు కుర్రాడు కూర్చుంటే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. ఏ ఊరు? ఇంటిపేరేంటి? ఫలానావాళ్ళు మీకేమవుతారు? కులం పేరు ఎవరూ ఎత్తరు, అందరికీ తెలిసిపోతుంది. మేం చేయించేది చిన్న పనే. ప్రశ్నలు ముందే రాసిపెట్టుకోవాలి, అందరికీ అవే అడగాలి, ప్యానెల్లో ఎవరి మార్కులు వాళ్ళు వేశాకే మాట్లాడుకోవాలి, మొదటి వడపోతలో రెజ్యూమె మీద ఇంటిపేరు కనబడకూడదు. ఒప్పుకునే కంపెనీలు తక్కువ. ఒప్పుకున్నచోట ఎక్కువ గునిసేది మన తెలుగు మేనేజర్లే. "చనువుగా అడిగితే తప్పేంటండీ" అని నాతో వాదిస్తారు, అదీ ముందు నా ఇంటిపేరు కనుక్కున్నాక.