ఆగమంటే ఆగని వెలుగు

ఇంటర్నెట్‌లో సమాచారం ప్యాకెట్లనే చిన్న మూటలుగా తిరుగుతుంది. మామూలు ప్యాకెట్‌లో 1,500 బైట్లు, అంటే 12,000 బిట్లు ఉంటాయనుకుందాం. సెకనుకు 100 గిగాబిట్ల లెక్కన పంపితే 0.12 మైక్రోసెకన్లలో బయటపడుతుంది. ఆ ప్యాకెట్‌ను వెలుగుగా మోసుకెళ్లే సన్నని గాజు తీగ, అంటే ఫైబర్‌లో, వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. అంటే లోపల ఆ ప్యాకెట్ పొడవు దాదాపు 24 మీటర్లు! ముందు దారి ఖాళీ లేక దాన్ని ఒక్క మిల్లీసెకను ఆపాలంటే? వెలుగును అలాగే దాచిపెట్టే మెమరీ చిప్పు నెట్‌వర్కుల్లో లేదు. 200 కిలోమీటర్ల ఫైబర్ చుట్టలోకి పంపి తిప్పుకు రావాలి.

కూడలిలో ప్యాకెట్లకు దారి చూపే యంత్రాలైన రౌటర్లకు ఈ బాధ లేదు. వెలుగును విద్యుత్ సిగ్నల్‌గా మార్చి, ప్యాకెట్‌ను మెమరీలో కూర్చోబెట్టి, దారి ఖాళీ కాగానే మళ్లీ వెలుగుగా పంపుతాయి. ప్రతి కూడలిలో ఇదే పని పెట్టుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే దూరం పోయే ట్రాఫిక్‌ను వీలైనంతవరకు వెలుగుగానే దాటిస్తారు. అప్పుడిక ఆలోచించేదేదో బయల్దేరక ముందే ఆలోచించాలి.

ఒక ఫైబర్‌లో 80కి పైగా తరంగదైర్ఘ్యాలు పట్టించవచ్చు. వీటిని రంగులంటారు గానీ, 1,550 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే ఈ పరారుణ కాంతి కంటికి కనబడదు. ప్రతి కనెక్షన్‌కూ ఒక దారి, ఒక రంగు కేటాయించాలి. చిక్కంతా ఎక్కడంటే, సాధారణంగా ఆ రంగు చివరిదాకా మారకూడదు. రైల్లో రెండో స్టేషన్ దాకా 12వ బెర్తు, అక్కణ్నుంచి 40వ బెర్తు ఖాళీగా ఉన్నాయనుకోండి. మనిషైతే లేచి మారతాడు. వెలుగుకు ఆ వీల్లేదు. రెండు కూడళ్లను కలిపే ప్రతి లింకులోనూ చోటున్నా, ప్రయాణానికి మాత్రం చోటుండదు.

ఎవరికి ఏ రంగిస్తే ఎక్కువ కనెక్షన్లు పడతాయన్నది నెట్‌వర్క్ పెరిగేకొద్దీ కంప్యూటర్లకూ కొరుకుడుపడని లెక్క. దానికో మొరటు ఉపాయముంది. రంగులకు నంబర్లు వేసి, దారి పొడవునా ఖాళీగా ఉన్నవాటిలో ఎప్పుడూ చిన్న నంబరే ఇవ్వడం. వాడకం ఒక పక్కకు సర్దుకుంటుంది, పెద్ద నంబర్లు దూరప్రయాణాలకు మిగులుతాయి. ఏదో ఒక రంగు ఇచ్చేయడం కన్నా ఇది మెరుగు. పెద్ద పెద్ద సూత్రాల కన్నా ఇలాంటి చిట్కాలంటేనే నాకు ముచ్చట.

10 గిగాబిట్లు చాలన్నవారికి 100 గిగాబిట్ల రంగంతా ఇవ్వడం దండగ కాబట్టి, చిన్న ప్రవాహాలను మూటగట్టి పంపుతారు. ఈ రంగులన్నీ పరుచుకున్న పట్టీని, అంటే స్పెక్ట్రమ్‌ను, 12.5 గిగాహెర్ట్జ్ ముక్కలుగా కోసి, కావలసినన్ని ఇచ్చే పద్ధతీ ఉంది. కాకపోతే కనెక్షన్లు వచ్చిపోతుంటే మధ్యమధ్య ఎవరికీ సరిపోని సందులు మిగిలిపోతాయి.

అసలు పరీక్ష కేబుల్ తెగినప్పుడు. కూడళ్లను వలయంగా కలిపిన రింగ్ నెట్‌వర్కుల్లో 50 మిల్లీసెకన్లలో ట్రాఫిక్ అవతలి వైపుకు మళ్లాలి. అందుకు చోటు ముందే అట్టేపెట్టాలి. ఆ ఖాళీని తగ్గించుకోవడానికి, ఎక్కడా కలవని రెండు దారులకు ఒకే అదనపు దారిని ఉమ్మడిగా ఉంచుతారు, రెండూ ఒకేసారి తెగవన్న ధీమాతో. కానీ పటంలో వేర్వేరు గీతలుగా కనబడే ఆ రెండూ నేలలో ఒకే కందకంలో పక్కపక్కనే ఉండవచ్చు. అందుకే దారులు వేసే సాఫ్ట్‌వేర్‌కు లింకుల జాబితాతో పాటు, ఏ కేబుళ్లు ఒకే గోతిలో ఉన్నాయో కూడా చెబుతారు.