"బాగానే నడుస్తున్నారు కదండీ": పార్కింగ్ గొడవ వెనుక కథ

వారం రోజులుగా విశాఖ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న వీడియో 30 సెకన్లు కూడా లేదు. నగరంలోని ఒక మాల్ సెల్లార్. లిఫ్టు పక్కన నీలం రంగు వేసి చక్రాల కుర్చీ బొమ్మ గీసిన చోట ఒక కారు ఆగింది. నలభై ఏళ్లు దాటిన ఒకావిడ దిగి లిఫ్టు వైపు నడిచింది. సెక్యూరిటీ కుర్రాడు విజిల్ వేశాడు. "మేడం, అది హ్యాండీక్యాప్డ్ వాళ్లకండీ. మీరు బాగానే నడుస్తున్నారు కదండీ." ఆవిడ బ్యాగులోంచి కార్డు తీసేలోగా వీడియో ఆగిపోయింది. అది చూసిన ఊరు మాత్రం ఇంకా వాదించుకుంటూనే ఉంది.

1995 చట్టం, అందులోని 7 రకాల వైకల్యాలు, ర్యాంపుల కోసం, రిజర్వేషన్ల కోసం జరిగిన పోరాటాలు చాలామందికి తెలిసినవే. వాటి జోలికి వెళ్లడం లేదు. ఈ గొడవకు మూలం 2017 ఏప్రిల్ 19న ఉంది. 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వికలాంగుల హక్కుల చట్టం ఆ రోజు అమల్లోకి వచ్చింది. 7 రకాల వైకల్యాలు 21 అయ్యాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, హిమోఫిలియా, తలసేమియా, సికిల్ సెల్, ఆటిజం, చదువులో ఇబ్బంది కలిగించే లెర్నింగ్ డిజెబిలిటీ ఆ జాబితాలో చేరాయి. ఇవి ఉన్నవాళ్లలో చాలామందిని రోడ్డు మీద చూస్తే ఏమీ తెలియదు. వైకల్యం అంటే కంటికి కనిపించి తీరాలన్న లెక్కను చట్టం ఆ రోజుతో వదిలేసింది. కానీ మన సెల్లార్లకు ఆ కబురు అందలేదు.

వీడియోలోని ఆవిడకు మల్టిపుల్ స్క్లెరోసిస్. మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరను శరీరంలోని రక్షణ వ్యవస్థే దెబ్బతీసే జబ్బు అది. ఆవిడ మాటల్లోనే చెప్పాలంటే, "పొద్దున బానే ఉంటానండి. మధ్యాహ్నం ఉక్కలో పది నిమిషాలు నిలబడితే కాళ్లు నావి కాకుండా పోతాయి." ఒంటి వేడి కాస్త పెరిగినా ఈ జబ్బు లక్షణాలు ఎక్కువవుతాయని వైద్యులకు చాలాకాలంగా తెలుసు. మే నెలలో విశాఖ సముద్రపు ఉక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మాల్‌లోకి వెళ్లేటప్పుడు నడిచిన మనిషి బయటికి వచ్చేటప్పుడు గోడ పట్టుకోవాల్సి రావచ్చు. లిఫ్టు పక్కన జాగా ఆవిడకు కావాల్సింది ఆ తిరుగు ప్రయాణానికి. వీడియో తీసినవాళ్లు లోపలికి వెళ్లడం ఒక్కటే చూశారు. వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ పరీక్ష సదరంలో ఆవిడకు 50 శాతం వైకల్యం ఉందని తేలింది. సదుపాయాల కోసం చట్టం పెట్టిన గీత 40 శాతమే.

సెక్యూరిటీ కుర్రాడిది 12 గంటల డ్యూటీ. అడిగిన ప్రతివాళ్లూ "ఐదు నిమిషాలేనయ్యా" అనే బండి పెడతారని, అడగకపోతే సూపర్‌వైజర్ తిడతాడని అంటున్నాడు. అతను చెప్పింది నిజమే. సైడు చక్రాల స్కూటీల మీద వచ్చేవాళ్ల ఫిర్యాదు కూడా నిజమే. ఆ నీలం గడిలో పెద్ద కార్లు, డెలివరీ బండ్లు, ఒక్కోసారి మాల్ వాళ్ల అట్టపెట్టెలే ఉంటున్నాయని వాళ్లు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

ఆ గడి కొలతలు చూస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. మన భవన నిర్మాణ నిబంధనల్లో వికలాంగులకు రెండు కార్ల జాగా ఉండాలని, అది ప్రవేశ ద్వారానికి 30 మీటర్లు దాటకూడదని, వెడల్పు కనీసం 3.6 మీటర్లు ఉండాలని ఉంది. ఆ వెడల్పు ఎందుకో తేలిగ్గానే తెలుస్తుంది. కారు తలుపు పూర్తిగా తెరిచి, చక్రాల కుర్చీని పక్కకు తెచ్చుకోవాలి కాబట్టి. మరి 30 మీటర్ల మాట ఎవరి కోసం? కాస్త దూరం నడవగలిగి, అంతకు మించి నడవలేని మనిషికే అది ఎక్కువగా పనికొచ్చేది. అంటే "బాగానే నడుస్తున్నారు కదండీ" అనిపించుకునే మనిషి ఆ నిబంధనలోనే ఉన్నారు. కొలతల్లో ఉన్న ఆ మనిషి బొమ్మలో మాత్రం లేరు.

ఆ బొమ్మను 1968లో సుసానే కోఫోడ్ అనే డెన్మార్క్ డిజైన్ విద్యార్థిని గీశారు. మొదట అందులో ఉన్నది కుర్చీ ఒక్కటే. మరుసటి ఏడాది పైన తల చేర్చి ప్రపంచమంతటికీ గుర్తుగా ఒప్పుకున్నారు. ఎంతో మేలు చేసిన గుర్తు అది. కానీ యాభై ఏళ్లకు పైగా అదే చూసి చూసి, కుర్చీ లేకపోతే వైకల్యం లేదనుకోవడం మనకు అలవాటైపోయింది.

చట్టం మారినా వాహనాల నిబంధనలు పాత దారిలోనే నడిచాయి. జాతీయ రహదారుల టోల్ మినహాయింపు వికలాంగుల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన బండికి దక్కుతుంది. 2020 అక్టోబరులో కేంద్రం బండి రిజిస్ట్రేషన్ ఫారంలో యజమాని దివ్యాంగుడా అన్న వివరం చేర్చింది. మంచి మార్పే. కానీ భర్త పేరు మీదున్న మామూలు కారులో వెళ్లే భార్యకు, కొడుకు కారులో ఆసుపత్రికి వెళ్లే తండ్రికి దానివల్ల ఒరిగేది లేదు. మనిషి ఏ బండిలో వెళ్తే ఆ బండికి వర్తించే పార్కింగ్ పర్మిట్, దేశమంతటా చెల్లేది, మన దగ్గర లేదు. స్టిక్కర్ల షాపులో ఎవరైనా కొనుక్కోగల చక్రాల కుర్చీ బొమ్మ ఉంది. ఎవరికి జాగా ఇవ్వాలో తేల్చే పనిని చివరికి గేటు దగ్గరున్న కుర్రాడి కంటికి వదిలేశాం.

ఇంగ్లండ్‌లో పర్మిట్ మనిషి పేరున ఉంటుంది. దాన్ని బ్లూ బ్యాడ్జ్ అంటారు. 2019 ఆగస్టు 30 నుంచి బయటికి కనిపించని వైకల్యాలు ఉన్నవాళ్లకూ అర్హత కల్పించారు. ఆ బ్యాడ్జి మీద జబ్బు పేరు ఉండదు. ఈ సంగతి మళ్లీ అవసరమవుతుంది.

ఇక అనుమానం గురించి. సదరం 2009-10 ప్రాంతంలో, ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. వైకల్యాన్ని కంప్యూటర్‌లో శాతాలుగా నమోదుచేసే పద్ధతి రావడంతో చాలామందికి మేలు జరిగింది. 2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. అదే నెలాఖరులో ఒక ట్రైనీ ఐఏఎస్ అధికారి ఎంపికను యూపీఎస్సీ రద్దు చేసింది. ఆ కేసులో వైకల్య సర్టిఫికెట్ మీద వచ్చిన ఆరోపణలు దేశమంతా చర్చకు వచ్చాయి. 2025 జనవరిలో రాష్ట్రంలో పింఛన్ల పునఃపరిశీలన మొదలైంది. ఆగస్టులో నోటీసులు వెళ్లాయి. అర్హులకూ నోటీసులు వచ్చాయని జనం రోడ్డెక్కారు. అప్పీలు చేసుకునే వీలు కల్పించారు. దొంగ సర్టిఫికెట్లు లేవని ఎవరూ అనలేరు, వాటిని ఏరాల్సిందే. కానీ ఆ నెలల్లో "దొంగ సదరం" అన్న మాట టీ కొట్టు దాకా వచ్చేసింది. కాలు లేని మనిషిని ఎవరూ ఆ మాట అనలేదు. లోపల జబ్బున్నవాళ్లే పడ్డారు. సెల్లార్‌లో విజిల్ వేసిన కుర్రాడి చెవిలో ఉన్నదీ ఆ మాటే.

చట్టం రెండు వైపులా చూసింది. వికలాంగుల సదుపాయాన్ని మోసంతో వాడుకుంటే 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వికలాంగుల్ని నలుగురిలో కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద 6 నెలలకు తగ్గకుండా 5 ఏళ్ల దాకా జైలు, జరిమానా. రెండోదానికే శిక్ష ఎక్కువ. ఈ వారం రోజుల్లో నేను మాట్లాడిన వాళ్లలో మొదటిది తెలిసినవాళ్లే ఎక్కువ.

ఆ చట్టానికీ అందని వాళ్లున్నారు. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో విశాఖ ఆసుపత్రులకు వచ్చేవాళ్లను చూడండి. డయాలసిస్ నాలుగు గంటలు చేయించుకుని లేచిన మనిషికి మెట్లు దిగే ఓపిక ఉండదు. ప్రభుత్వం వాళ్లకు ప్రత్యేకంగా పింఛను ఇస్తుంది. 21 వైకల్యాల జాబితాలో మాత్రం కిడ్నీ, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు లేవు. పాడేరు, అరకు వైపు నుంచి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి దిగే సికిల్ సెల్ పిల్లలకు జాబితాలో చోటుంది. కానీ నొప్పి లేని రోజు వాళ్లు మామూలు పిల్లల్లాగే పరుగెడతారు.

2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాటూరి కేసులో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. భవనాలు, రవాణా వికలాంగులు వాడుకునేలా ఉండాలని చెప్పే అందుబాటు ప్రమాణాలను సలహాల్లా వదిలేయడం చట్టానికి విరుద్ధమని, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలను 3 నెలల్లో తయారుచేయాలని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. పార్కింగ్ కూడా ఆ ప్రమాణాల్లో భాగమే.

ఇప్పుడు మాల్ యాజమాన్యం ఒక పరిష్కారం అంటోంది. నీలం గడిలో బండి పెట్టే ప్రతివాళ్లూ సెక్యూరిటీకి యూడీఐడీ కార్డు, అంటే వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు చూపించాలట. సైడు చక్రాల బండ్లవాళ్లు చాలామంది సరేనన్నారు. వీడియోలోని ఆవిడ ఒప్పుకోవడం లేదు. ఆ కార్డు మీద వైకల్యం ఏ రకమో, ఎంత శాతమో అచ్చువేసి ఉంటుంది. "నా జబ్బు సంగతి మా అత్తగారి వైపు చుట్టాలకే పూర్తిగా తెలీదు. కారు పెట్టుకోడానికి గేటు దగ్గర చెప్పుకోవాలా?" అని అడుగుతున్నారు. జబ్బు పేరు లేకుండా, ఫొటోతో, అద్దం వెనక పెట్టుకునే పర్మిట్ ఇవ్వమని కలెక్టర్‌కు అర్జీ రాశారు. అది ఇచ్చేదాకా ఉంటుందని ఒక చేతికర్ర కూడా కొన్నారు. నడవడానికి ఆవిడకు దాని అవసరం ఇంకా రాలేదు. కారు దిగేటప్పుడు మాత్రం పట్టుకుంటున్నారు.