కదలకుండా కూర్చున్న బంబుల్ బీ ఏం చేస్తోంది?

మార్చి మొదటి వారంలో మా మేనకోడలు ఇంగ్లండ్ నుంచి ఒక వీడియో పంపింది. పెరట్లో ఊదారంగు క్రోకస్ పువ్వులు. ఒక పువ్వు మీద బొద్దుగా, ఒళ్లంతా బొచ్చుతో ఒక బంబుల్ బీ, అంటే తేనెటీగకు చుట్టమైన ఈగ. రెక్కలు కదలడం లేదు, పొట్ట మాత్రం ఆగకుండా ఎగసిపడుతోంది. "మావయ్యా, బయట 7 డిగ్రీలే ఉంది. పాపం చచ్చిపోతోందా? లోపలికి తెచ్చి హీటర్ దగ్గర పెట్టనా?"

"వద్దమ్మా, కదిలించకు. దాని హీటర్ అది వేసుకునే ఉంది" అని రాశాను. మర్నాడు ఫోన్ చేసి అరగంట చెప్పినా నాకు తనివి తీరలేదు, అందుకే ఈ వ్యాసం.

బంబుల్ బీ మన ఊళ్లలో ఉండదు. మన దేశంలో హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లో కనిపిస్తుంది. మన దూలాలకు బెజ్జాలు పెట్టే నల్లటి గండు తుమ్మెద వేరే జాతి. బంబుల్ బీల్లో కూలీ ఈగలు, మగ ఈగలు, ముసలి రాణి అందరూ చలికాలం వచ్చేసరికి చనిపోతారు. పొట్టలో వీర్యం దాచుకున్న కొత్త రాణులు మాత్రం మట్టిలో దూరి నిద్రపోతాయి. కాబట్టి వసంతం మొదట్లో పెరట్లో కనిపించే బంబుల్ బీ దాదాపు ఎప్పుడూ రాణే. సాయానికి ఒక్క కూలీ కూడా లేని రాణి.

దాని కష్టం ఇదీ: ఎగరాలంటే ఛాతీలోని కండరాలు సుమారు 30 డిగ్రీల వేడికి రావాలి. బయట 7. మరి ఆ వేడి ఎక్కడిది?

చలికాలం తెల్లవారుజామున లారీ డ్రైవర్ ఏం చేస్తాడో చూశారా? ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో ఉంచి, కాసేపు రేజ్ చేస్తాడు. చక్రాలు తిరగవు, ఇంజిన్ వేడెక్కుతుంది. ఈ రాణి చేస్తున్నది అచ్చంగా అదే.

దాని ఎగిరే కండరాలు నేరుగా రెక్కలకు అతుక్కుని ఉండవు. ఛాతీ ఒక డబ్బా అనుకోండి. నిలువు కండరాలు బిగిస్తే డబ్బా మూత కిందికి దిగి రెక్కలు పైకి లేస్తాయి. పొడవునా ఉన్న కండరాలు బిగిస్తే మూత పైకి ఉబ్బి రెక్కలు కిందికి వాలతాయి. ఎగిరేటప్పుడు ఇవి వంతులవారీగా పనిచేస్తాయి. ఒకటి బిగిస్తే రెండోది సాగుతుంది, ఆ సాగడమే రెండోదాన్ని బిగించేలా చేస్తుంది. అందుకే నరం నుంచి వచ్చే ఒక్క సంకేతానికి రెక్కలు చాలాసార్లు కొట్టుకుంటాయి. వేడెక్కేటప్పుడు మాత్రం రెండూ ఒకేసారి బిగుస్తాయి. తాడులాటలో రెండు జట్లూ సమానంగా లాగితే తాడు కదలదు, లాగేవాళ్లకు మాత్రం చెమటలు పడతాయి. ఇక్కడ ఆ చెమటే కావలసింది! చలిని బట్టి దీనికి ఐదు నిమిషాలు పట్టొచ్చు, పావుగంట పట్టొచ్చు. ఇంధనం మకరందంలోని చక్కెర. పొట్ట ఎగసిపడటం ఆయాసం కాదు, ఇంజిన్‌కు గాలి అందించే పని.

లారీకి రేడియేటర్ ఉన్నట్టే దీనికీ ఉంది, అది పొట్ట. ఛాతీకీ పొట్టకీ మధ్య నడుము సన్నగా ఉంటుంది. వెనక్కి వెళ్లే వేడి రక్తం, ముందుకు వచ్చే చల్లని రక్తం అక్కడ ఒకదాని పక్కనుంచి ఒకటి పోతాయి. చల్లని రక్తం ఆ వేడిని దారిలోనే అందుకుని మళ్లీ ఛాతీకి తెచ్చేస్తుంది. వేడి ఎక్కువైతే రెండు ప్రవాహాలూ ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి, అప్పుడు వేడి పొట్టలోకి పోతుంది. లారీ ఆ వేడిని గాలికి వదిలేస్తుంది. రాణి కూడా ఎగిరేటప్పుడు ఎక్కువైన వేడిని అలాగే వదులుతుంది, గూట్లో మాత్రం వృథా చేయదు. గూట్లో గుడ్లు పెట్టాక వాటి మీద పొట్ట ఆనించి, కోడి పొదిగినట్టు పొదుగుతుంది. రెక్కలు కదపకుండా ఇంజిన్ నడుపుతూ, పక్కనే మైనపు కుండలో దాచుకున్న తేనె తాగుతూ పిల్లల్ని 30 డిగ్రీల దగ్గర ఉంచుతుంది.

ఒక మాట చెప్పకుండా ఉండలేను. "సైన్స్ ప్రకారం బంబుల్ బీ ఎగరలేదు, ఆ సంగతి దానికి తెలియదు కాబట్టి ఎగురుతోంది" అని పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో పిల్లలకు చెబుతుంటారు. దయచేసి చెప్పకండి. ఈ మాటకు ఆధారంగా చెప్పేది 1934లో ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ మాన్యాన్ కీటకాలు ఎగరడం గురించి రాసిన పుస్తకంలోని లెక్క; అది విమానం రెక్కలకు వేసే లెక్క. కీటకం రెక్క ఆడుతుంది, దాని ముందంచున గాలి సుడి తిరిగి పైకి లాగుతుంది. 1996లో కేంబ్రిడ్జ్‌లో చార్లెస్ ఎల్లింగ్టన్ బృందం చిమ్మట రెక్క మీద ఈ సుడిని చూపించింది.

అదే పెరట్లో వారం తర్వాత బ్రిమ్‌స్టోన్ సీతాకోకచిలుక వచ్చిందట. బ్రిమ్‌స్టోన్ అంటే గంధకం, మగదాని రంగు అదే. కిందటి వేసవిలో పుట్టి, చలికాలమంతా ఆకుల మాటున గడిపినది. దీని పద్ధతి సూర్యుడి మీద ఆధారపడటం. రెక్కలు మూసి, పక్కకు వాలి ఎండకు ఒళ్లు అప్పగిస్తుంది. మబ్బు పట్టిందంటే ఆ రోజుకు ప్రయాణం లేనట్టే.

మేనకోడలు ఇంకో సందేహం అడిగింది: "నిజంగానే నీరసపడితే?" చాలాసేపటికీ లేవకపోతే చెంచాలో కాస్త పంచదార నీళ్లు పెట్టొచ్చు. తేనె మాత్రం వద్దు, అందులో వేరే ఈగల రోగాలు ఉండొచ్చు.

ఏప్రిల్‌లో మళ్లీ ఫోటో వచ్చింది. బంబుల్ బీ రాణే. ఈసారి వెనక కాళ్లకు పసుపు ముద్దలు, పుప్పొడి. గూడు దొరికిందన్నమాట, ఏ ఎలుక వదిలేసిన బొరియలోనో.