తర్వాతి బాండ్ సినిమా: గోదావరి జిల్లాల అభిమానుల కోరికల వెనక అరవై ఏళ్ల చరిత్ర

2021 సెప్టెంబరు 30న మన దేశంలో విడుదలైన 'నో టైమ్ టు డై' చివర్లో జేమ్స్ బాండ్ చనిపోయాడు. అంతకు ముందొచ్చిన 24 సినిమాల్లో ఎన్నడూ జరగనిది అది. తర్వాత తెర వెనకా అంత పెద్ద మార్పే జరిగింది. 1962లో 'డాక్టర్ నో' నుంచి బాండ్‌ను గుప్పిట్లో పెట్టుకున్న బ్రోకలీ కుటుంబం 2025 ఫిబ్రవరిలో ఆ పగ్గాలు అమెజాన్ ఎంజీఎంకు అప్పగించింది. మార్చిలో ఎమీ పాస్కల్, డేవిడ్ హేమన్ నిర్మాతలుగా, జూన్‌లో డెనీ విల్నెవ్ దర్శకుడిగా ఖరారయ్యారు. ఆ వెనకే రచయితగా స్టీవెన్ నైట్ పేరు వచ్చింది. రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం, ఎక్కడ నలుగురు బాండ్ అభిమానులు కలిసినా ఇప్పుడు ఇదే మాట: చనిపోయినవాడితో కథ మళ్లీ ఎలా ఎత్తుకుంటారు? ఈసారి ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు?

ఆ చర్చలో వినిపించే ప్రతి కోరిక వెనకా పాత సినిమా ఏదో ఒకటి మిగిల్చిన అసంతృప్తి ఉంది. అది తెలిస్తే తప్ప వీళ్లు ఇంత పట్టుగా ఎందుకు అడుగుతున్నారో అర్థం కాదు.

అందరూ ముందు అడిగేది ఫైట్లూ ఛేజులూ నిజంగా చేసి చూపించమని. 1974 నాటి 'ద మాన్ విత్ ద గోల్డెన్ గన్'లో థాయిలాండ్ కాలవ మీద విరిగిన వంతెన దగ్గర కారు గాల్లో మరమేకులా ఒక పూర్తి చుట్టు తిరిగి అవతలి గట్టున నాలుగు చక్రాల మీద దిగుతుంది. కాలవ గట్ల మీద పుట్టి పెరిగిన కోనసీమ ప్రేక్షకుడికి ఆ దూకుడులో ఎంత ప్రమాదం ఉందో ఒకరు చెప్పక్కర్లేదు. అమెరికాలో కంప్యూటర్ మీద ముందే లెక్క కట్టి, ఎగిరే ర్యాంపునూ దిగే ర్యాంపునూ ఆ లెక్క ప్రకారమే మెలితిప్పి కట్టారు. బరువు ఒక పక్కకు ఒరిగితే చుట్టు పూర్తికాదు కాబట్టి స్టీరింగునూ డ్రైవర్ సీటునూ కారు మధ్యకు జరిపారు. ఒక్క టేకులో అయిపోయింది. అయితే ఎడిటింగులో ఆ షాటు మీద ఈలలాంటి కామెడీ సౌండు వేశారు. ప్రాణాలకు తెగించి చేసిన పని తెర మీద తమాషా అయిపోయింది. స్టంటు ఎంత నిజమైనా దాన్ని చూపించే పద్ధతిలో గౌరవం లేకపోతే ఫలితం సున్నా అని అభిమానులు ఇప్పటికీ ఈ షాటునే ఎత్తి చూపిస్తారు.

రెండో గాయం 2002 నాటి 'డై అనదర్ డే'. కనిపించని కారు, గ్రాఫిక్స్ కెరటం మీద బాండ్ సర్ఫింగు. డబ్బుకు లోటు లేదు. అప్పటిదాకా వచ్చిన బాండ్ సినిమాల్లో ఎక్కువ వసూలు చేసింది అదే. అయినా నిర్మాతలు ఆ దారి వదిలేసి, హీరోను మార్చి, 2006లో 'క్యాసినో రాయల్'తో మొదటికొచ్చారు. అందులో ఆస్టన్ మార్టిన్ పల్టీలు కొట్టే షాటు కోసం ముందు చిన్న ర్యాంపు ఎక్కించి చూశారు. ఆ కారు నేలకు మరీ దగ్గరగా ఉంటుంది, బరువంతా కిందనే ఉంటుంది, అందుకని పల్టీ కొట్టనని మొరాయించింది. చివరికి కారు అడుగున నైట్రోజన్ ఒత్తిడితో పేలే ఫిరంగిగొట్టం అమర్చారు. ఈసారి ఏడు పల్టీలు కొట్టి గిన్నిస్ రికార్డు కెక్కింది. తెర మీద ఆ షాటు కొన్ని క్షణాలే. అంతే చాలు, ప్రేక్షకుడి కడుపులో తిప్పేస్తుంది. కొత్త బాండ్‌కు కొలత ఇదే కావాలి.

ఆ వెంటనే 2008లో వచ్చిన 'క్వాంటమ్ ఆఫ్ సొలేస్' ఇంకో పాఠం. హాలీవుడ్ రచయితల సమ్మె మధ్యలో తీశారు, స్క్రిప్టు సగంలోనే ఉండిపోయింది. 106 నిమిషాలతో బాండ్ సినిమాలన్నిటిలో చిన్నది. మొదటి కారు ఛేజులో కట్లు ఎంత వేగంగా పడతాయంటే ఏ కారు ఎటు పోతోందో తెలియదు. స్టంట్లు నిజమైనవే, చూసే వీలు లేదంతే. అందుకే 'నిజంగా చెయ్యండి' అన్న మాటకు తోడు 'కెమెరా కాస్త వెనక్కి పెట్టండి, షాటు కాసేపు నిలవనివ్వండి' అనే కోరిక చేరింది. ఈ విషయంలో విల్నెవ్ మీద నమ్మకం ఎక్కువ. ఆయన తీసిన 'సికారియో'లో సరిహద్దు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కాన్వాయ్ సీను చూసినవాళ్లెవరికైనా ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది.

విలన్ విషయంలో కోపం 'స్పెక్టర్' మీద. హక్కుల తగాదా వల్ల 1971 తర్వాత పాత బాండ్ సినిమాల పెద్ద విలన్ బ్లోఫెల్డ్‌ను పేరు పెట్టి చూపించే వీల్లేకపోయింది. 2013లో రాజీ కుదరగానే 2015లో వచ్చిన ఈ 'స్పెక్టర్'లోకి లాక్కొచ్చారు. అక్కడితో ఆగితే బాగుండేది. అతను బాండ్‌తో కలిసి పెరిగినవాడనీ, వెనకటి మూడు సినిమాల కష్టాలన్నీ అతని పనేననీ కలిపేశారు. ప్రపంచానికి ముప్పు తేవాల్సినవాడు ఇంటి గొడవ దగ్గర తేలిపోయాడు. కొత్త సినిమాలో విలన్‌కు సొంత లెక్క, సొంత లాభం ఉండాలి, బాండ్ బాల్యంతో బంధుత్వం వద్దు. ఈ మాట మీద మాత్రం పెద్దగా వాదన లేదు.

హీరో వయసుది శుద్ధ లెక్కల వ్యవహారం. రోజర్ మూర్ తన ఆఖరి బాండ్ సినిమా నాటికి 57 ఏళ్లవాడు. డేనియల్ క్రెయిగ్ 38 ఏళ్లకు మొదలుపెట్టి 53 ఏళ్లకు ముగించాడు, 15 ఏళ్లలో చేసింది అయిదే. మొదటి నాలుగు సినిమాలు 1962 నుంచి 1965 దాకా ఏడాదికొకటి వచ్చాయి. 1989 తర్వాత కోర్టు గొడవలతో ఆరేళ్లు, 2015 తర్వాత మళ్లీ ఆరేళ్లు ఖాళీ. సినిమాకూ సినిమాకూ మధ్య నాలుగేళ్లు పట్టినా అయిదు సినిమాలు చేయాలంటే హీరో ముప్పైల మొదట్లో ఉండాలి. ఇక చనిపోయినవాడి సంగతి: కొత్తగా మొదలుపెట్టి, పాత మరణం గురించి ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఉంటే చాలు. 'క్యాసినో రాయల్' కూడా పాత సినిమాల ఊసెత్తకుండానే కథను మొదటి నుంచి ఎత్తుకుంది.

గోదావరి జిల్లాల పల్లెలకు గూఢచారి అంటే మొదట కృష్ణే. 1966లో ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో 'గూఢచారి 116', ఆ తర్వాత కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'జేమ్స్ బాండ్ 777', 'ఏజెంట్ గోపి' ఆయన్ని ఆంధ్రా జేమ్స్ బాండ్‌ను చేశాయి. 2018 నాటి 'గూఢచారి'లో హీరో పేరు గోపి, నంబరు 116 అని వినగానే పెద్ద తరం ప్రేక్షకులు ఎందుకు మురిసిపోయారో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ ప్రేక్షకుడికి గూఢచారి తెలుగులో మాట్లాడటం మామూలు విషయం. కాబట్టి బాండ్ డబ్బింగు నాసిరకంగా ఉంటే సర్దుకుపోడు.

డబ్బింగులో లోపం ఎక్కడ వస్తుందంటే, విదేశీ స్టూడియో పంపే మ్యూజిక్, ఎఫెక్ట్స్ ట్రాకు మీద తెలుగు డైలాగును పరిచేటప్పుడు. చిన్న గదిలో మైకు దగ్గర పలికిన గొంతును అలాగే వదిలేస్తే, సొరంగంలో అరిచినా బెడ్రూములో గుసగుసలాడినా ఒకేలా వినిపిస్తుంది. సీను జరిగే చోటికి తగ్గట్టు ప్రతి డైలాగుకూ దూరం, ప్రతిధ్వని కలపాలి. క్లోజప్పులో పెదాలు మూసుకునే చోట ప, బ, మ పడేలా రాయాలి; లాంగ్ షాట్లో ఆ బెంగ అక్కర్లేదు. చాలా డబ్బింగులు క్లోజప్పులు సరిగ్గా చేసి, గది ధ్వని దగ్గర చేతులెత్తేస్తాయి.

హాలు దగ్గర కథ వేరు. 'క్యాసినో రాయల్' నుంచి తెలుగు వెర్షన్లు వస్తూనే ఉన్నాయి. 'స్కైఫాల్' 2012 నవంబరు 1న అమెరికా కంటే వారం ముందే మనకొచ్చింది. 'స్పెక్టర్' బ్రిటన్‌లో అక్టోబరు 26న వస్తే ఇక్కడికి చేరింది నవంబరు 20న. అప్పటికి కథంతా జనానికి తెలిసిపోయింది. 'నో టైమ్ టు డై' బ్రిటన్‌తో పాటే వచ్చింది గానీ, అప్పుడు టికెట్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హద్దు పెట్టిన జీవో 35 రేట్లలో ఉన్నాయి. గ్రామ పంచాయతీలో ఏసీ హాలుకు ఎక్కువలో ఎక్కువ 20 రూపాయలు, నాన్ ఏసీలో తక్కువ క్లాసు 5 రూపాయలు. ఆ రేటుకు సొంత భాష పెద్ద సినిమాకే కరెంటు ఖర్చు కష్టం, డబ్బింగు సినిమాకు హాలు ఇచ్చేదెవరు? 2022 మార్చిలో రేట్లు పెంచుతూ జీవో 13 వచ్చాక ఆ ఇబ్బంది సడలింది.

మిగిలింది సాంకేతిక చిక్కు. హాలీవుడ్ పెద్ద స్టూడియోల సినిమా, డిజిటల్ ప్రదర్శనకు ఆ స్టూడియోలే కలిసి పెట్టుకున్న డీసీఐ ప్రమాణం ఉన్న సర్వరు, ప్రొజెక్టరు మీదే ఆడాలి. ఈస్ట్, వెస్ట్ రెండు ఏరియాల్లోనూ పాత సర్వర్లతో నడిచే సింగిల్ స్క్రీన్లు ఇక్కడే తప్పుకుంటాయి. ఉన్న హాళ్లకూ గండాలున్నాయి. తెలుగు వెర్షన్ ఫైలు చాలాసార్లు విడిగా, చిన్నదిగా వస్తుంది. బొమ్మ మాత్రం అసలు ఇంగ్లీషు ఫైల్లో ఉంటుంది. సర్వర్లోకి రెండూ ఎక్కించాలి. ఇంగ్లీషుది లేకపోతే తెలుగుది ఆడదు, తెలుగుది మరిచిపోతే ఇంగ్లీషులోనే షో పడుతుంది. పైగా సినిమా ఫైలుకు వేసిన డిజిటల్ తాళం తీసే కేడీఎం కీ ఒక్కో సర్వరుకు విడిగా తయారవుతుంది. పిడుగు పడో ఓల్టేజీ పెరిగో సర్వరు కార్డు మార్చి, ఆ కొత్త కార్డు గుర్తింపు సర్టిఫికెట్ డిస్ట్రిబ్యూటరుకు పంపకపోతే, పాత కార్డుకు చేసిన కీ వస్తుంది. అది తెరుచుకోదు. మార్నింగ్ షో రద్దు, టికెట్ల డబ్బు వాపసు.

ఇంటర్వెల్ ఇంకో తలనొప్పి. ఇంగ్లీషు సినిమాలో విశ్రాంతి ఉండదు కాబట్టి సమయం చూసి మధ్యకు విరిచేస్తారు, ఒక్కోసారి డైలాగు సగంలో. 163 నిమిషాల 'నో టైమ్ టు డై'కి ప్రకటనలు పది, విశ్రాంతి పదిహేను కలిపితే 188 నిమిషాలు. మూడున్నర గంటల షోల మధ్య హాలు ఖాళీ చేసి ఊడవడానికి మిగిలేది 22 నిమిషాలే. అందుకే నిడివి రెండుంబావు గంటల దగ్గర ఉండాలని హాలువాళ్లూ అభిమానులూ ఒకే మాట అంటారు. విశ్రాంతి ఎక్కడ పడాలో డిస్ట్రిబ్యూటరే సీను చూసి నిమిషం, సెకనుతో సహా రాసి పంపాలి. కీ కూడా విడుదల రోజు తెల్లవారుజాము నుంచి కాకుండా ఒక రోజు ముందు నుంచే పనిచేసేలా ఇవ్వాలి. అప్పుడే ఆపరేటరు సెకండ్ షో అయ్యాక మొదటి రీలు తెలుగులో వేసి, సెంటర్ స్పీకర్లో డైలాగు సరిగ్గా వస్తోందో లేదో చూసుకోగలడు.